కాలేయపు స్కాను సందిగ్ధముగ వచ్చినపుడు
పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

గ్రామములో ఒకరికి క్యాన్సరు వచ్చినదని తెలిసిన పిమ్మట ఆ ఇంటివారు పట్టణమునకు, పట్టణమునుండి ఇంటికి తిరుగుచునే యుందురు. తిరిగి వచ్చినపుడెల్ల చేతిలో ఒక క్రొత్త కాగితముండును. దానిని పట్టుకొని వారు నమ్మకము గలవారి యొద్దకు వత్తురు. ఆ నమ్మకము గలవారు పలుమారులు పంచాయతీ సభ్యులే యగుదురు. "వ్యాధి పెరిగినదా, తగ్గినదా? చెప్పండి" అని అడుగుదురు. "పొలము బేరము పెట్టవలయునా?" అనియు అడుగుదురు.

సభ్యుడు వైద్యుడు కాడు. వైద్యుని పని చేయనును కూడదు. ఐనను అట్టి సమయమున ఏ మాట చెప్పవచ్చునో, ఏ మాట చెప్పరాదో తెలిసియుండుట అవసరము. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలును చేర్చి, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఆరోగ్యమును, ఆసుపత్రులను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములను పేర్కొన్నది. కావున ఇది మన పరిధిలోని విషయమే.

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన ఈ వ్యాధి కాలేయమునకు ప్రాకినదని వినుట ఏ కుటుంబమునకైనను కష్టమే. కాని అంతకంటె కష్టమైన స్థితి యొకటి కలదు. స్కాను తీసిన పిమ్మట "ఉన్నది" అనిగాని "లేదు" అనిగాని చెప్పక, "ఇప్పుడే నిశ్చయించుటకు వీలులేదు, కొన్ని వారముల తరువాత మరల చూతము" అని వైద్యులు చెప్పు స్థితి అది. అట్టి సమాధానమునకు అర్థమేమి, ఆ మధ్యకాలమును ఎట్లు గడుపవలయును, ఊరివారు ఏమి చేయగలరు అను మూడు విషయములను ఈ పాఠములో వివరింపనున్నాము.

1. వ్యాధి కాలేయమునకు ఎట్లు చేరును?

కాలేయము కడుపులో కుడివైపున, ప్రక్కటెముకల క్రింద ఉండును. జీర్ణాశయమునుండి, ప్రేవులనుండి, క్లోమమునుండి బయలుదేరిన రక్తము ఒక పెద్ద సిర ద్వారా మొదట కాలేయమునకే చేరును. మీదిపొలములో రాలిన కలుపు విత్తనములు కాలువనీటితో క్రిందిపొలమునకు కొట్టుకొని వచ్చుట రైతులెరిగినదే. పెద్దప్రేవులోని క్యాన్సరు కణములు కాలేయమునకు చేరుటయు ఆ విధముగనే జరుగును. రొమ్ము, ఊపిరితిత్తులు మొదలగు చోట్లనుండి కూడ రక్తప్రవాహము వెంట కణములు వచ్చి కాలేయములో నిలువవచ్చును.

ఇచ్చట గుర్తుంచుకొనవలసినది ఒకటి కలదు. క్రిందిపొలములో మొలిచినను ఆ కలుపు మీదిపొలపు కలుపే. అట్లే పెద్దప్రేవునుండి కాలేయమునకు వచ్చినది పెద్దప్రేవు క్యాన్సరే గాని కాలేయపు క్యాన్సరు కాదు. మందులును పెద్దప్రేవు వ్యాధికి తగినవే యిత్తురు. "ఇప్పుడు రెండు క్యాన్సరులు వచ్చినవి" అని ఊరిలో చెప్పుకొనుట పొరపాటు.

2. స్కాను ఏమి చూపును, ఏమి చూపజాలదు?

రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌కిరణములను కనుగొనెను. వానినుపయోగించి శరీరమును అడ్డముగ పొరలు పొరలుగ చూపగల సి.టి. స్కానుతో 1971లో మొదటిసారి రోగిని పరీక్షించిరి. ఇంజనీరు హౌన్స్‌ఫీల్డు దానిని నిర్మించెను. 1979లో ఆయనకును, శాస్త్రజ్ఞుడు కార్మాకునకును నోబెల్ బహుమతి లభించెను. నేడు అల్ట్రాసౌండు, సి.టి., ఎం.ఆర్.ఐ., పెట్ అను స్కానులు వాడుకలో నున్నవి.

ఇవన్నియు గొప్ప సాధనములే. ఐనను స్కాను చూపునది నీడను. ఆ నీడకు పేరు పెట్టునది వైద్యుడు. కాలేయములో కనబడు ప్రతి మచ్చయు క్యాన్సరు కాదు. నీటితిత్తులు పుట్టుకనుండియే ఉండవచ్చును. సన్నని రక్తనాళములు ముడిపడి యేర్పడు హీమాంజియోమా అను గడ్డ ఆరోగ్యవంతులలో కూడ తరచుగ కనబడును. దానివలన సాధారణముగ హానిలేదు. అమీబావలన వచ్చు చీముగడ్డ, కుక్కల ద్వారా సంక్రమించు ఒక పురుగువలన వచ్చు తిత్తి, అచ్చటచ్చట కొవ్వు పట్టిన భాగము, ఇవియు మచ్చలవలెనే కనబడగలవు.

మచ్చ పరిమాణము ఒక సెంటీమీటరునకు లోపుగ ఉన్నపుడు చిక్కు మరింత హెచ్చును. అది నీటితిత్తియో, క్యాన్సరు మొలకయో సి.టి. చిత్రములో తేల్చుట పలుమారులు సాధ్యము కాదు. వరినారు మధ్య మొలిచిన ఊదను తలచుకొనుడు. రెండాకుల దశలో ఏది వరియో ఏది ఊదయో ఆరితేరిన రైతునకు కూడ తెలియుట కష్టము. అతడు తొందరపడి పీకివేయడు. కొన్ని దినములు ఆగి, ఆకు తీరు తేటపడిన పిమ్మట చేయి వేయును. అది అతని అజ్ఞానము కాదు, అనుభవము. "వేచి చూతము" అను వైద్యుని మాటయు అటువంటిదే.

పెట్ స్కానునకును హద్దులు కలవు. చక్కెరవంటి ఒక పదార్థమును సూదిద్వారా ఎక్కించి, దానిని ఎక్కువగ పీల్చుకొను భాగములను ఈ స్కాను చూపును. క్యాన్సరు కణములు దానిని ఎక్కువగ పీల్చుకొనును. కాని క్షయవలన, చీమువలన వాచిన భాగములు కూడ పీల్చుకొనును. కావున వెలిగిన ప్రతి చోటును క్యాన్సరు కాదు. మిక్కిలి చిన్న మచ్చలు వెలుగకపోవచ్చును గనుక వెలుగనంత మాత్రమున ఏమియు లేదనియు చెప్పరాదు.

3. నివేదికలోని మాటలు

స్కాను నివేదికలు ఇంగ్లీషులో వచ్చును. వానిలో తరచుగ కనబడి భయపెట్టు మాటలు కొన్ని యున్నవి.

"ఇండిటర్మినేట్" అనగా ఇదమిత్థమని నిర్ణయింపరానిది. చెడ్డదని అర్థము కాదు.

"టూ స్మాల్ టు క్యారెక్టరైజ్" అనగా స్వభావము చెప్పుటకు చాలనంత చిన్నది.

"స్టేబుల్ డిసీజ్" అనగా వ్యాధి గమనింపదగినంతగ పెరుగలేదు, తరుగలేదు. "ఏమియు తగ్గలేదే" అని కుటుంబములు దీనిని విని నిరాశపడుచున్నవి. కాని ప్రాకిన వ్యాధిని ఉన్నచోట నిలిపియుంచుట చికిత్స సాధించిన ఫలితమే.

"క్లినికల్ కోరిలేషన్" అనగా రోగిని స్వయముగ పరీక్షించి, తక్కిన పరీక్షలతో పోల్చి నిర్ణయింపవలయునని స్కాను చదివిన వైద్యుడు చికిత్స చేయు వైద్యునకు చేయు సూచన. కాగితము ఒక్కటియే తీర్పు కాదనుటకు ఈ మాటయే సాక్ష్యము.

4. మిల్లీమీటర్ల లెక్క

రెండు నివేదికలను ప్రక్కప్రక్కన పెట్టి అంకెలు పోల్చుట ఇండ్లలో సాధారణముగ జరుగుచుండును. "అప్పుడు 32, ఇప్పుడు 34. పెరిగినది" అని ఆ రాత్రి ఆ ఇంట ఎవరును అన్నము తినరు. కాని వైద్యులు లెక్కించు పద్ధతి వేరు. ఇందుకు 2000లో ఏర్పరచి 2009లో సవరించిన అంతర్జాతీయ నియమములు కలవు.

వాని ప్రకారము కొన్ని మచ్చలను ఎన్నుకొని వాని పొడవులను కూడుదురు. మొదటి మొత్తముకంటె నూటికి 30 వంతులు తగ్గినచో చికిత్సకు వ్యాధి లొంగుచున్నదని చెప్పుదురు. అంతవరకు నమోదైన కనిష్ఠ మొత్తముకంటె నూటికి 20 వంతులు, అదియును కనీసము 5 మిల్లీమీటర్లు పెరిగిననే పెరిగినదందురు. నిస్సందేహముగ క్రొత్త మచ్చ పుట్టినను పెరిగినట్లే. ఈ రెంటి నడుమనున్నది నిలకడ.

ఉదాహరణకు ఒక రోగి కాలేయములో 32, 18 మిల్లీమీటర్ల మచ్చలు రెండు ఉన్నవనుకొందము. మొత్తము 50. తరువాతి స్కానులో 34, 19 వచ్చినవి. మొత్తము 53. పెరుగుదల నూటికి 6 వంతులు మాత్రమే. కుటుంబమునకు పెరిగినట్లు తోచినను వైద్యుని లెక్కలో వ్యాధి నిలకడగ నున్నది. యంత్రము మారుటవలన, పొరను కొంచెము మీదుగనో క్రిందుగనో తీయుటవలన, కొలిచిన చేయి మారుటవలన ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావచ్చును. ఒకే పొలమును ఇద్దరు సర్వేయర్లు కొలిచినను కొన్ని గజముల తేడా వచ్చుట మనమెరుగమా?

చికిత్స జరుగుచుండగ మరికొన్ని చిక్కులు కలుగును. కొన్ని కీమో మందులవలన కాలేయమునకు కొవ్వు పట్టి, ఉన్న మచ్చలు సి.టి.లో మరుగుపడవచ్చును. మందు పనిచేసి మచ్చలోని కణములు చచ్చినపుడు ఆ చోటు మునుపటికంటె స్పష్టముగ కనబడి, క్రొత్తగ పుట్టినదను భ్రమ కలిగింపవచ్చును. అట్లే మచ్చ కనబడకుండ పోయినంత మాత్రమున వ్యాధి సమూలముగ పోయినదని నమ్మరాదు. భయమునకు తొందర కూడనట్లే సంతోషమునకును తొందర కూడదు.

5. సందేహమును తీర్చు మార్గములు

ఆ ఒక్క మచ్చ విషయమై వైద్యులు ఇంత శ్రమపడుట ఎందుకు? పెద్దప్రేవునుండి ప్రాకిన మచ్చలు కొన్నియే యుండి, తగిన చోట నున్నచో, వానిని శస్త్రచికిత్సచే తీసివేయ వీలగును. ఆరోగ్యముగ నున్న భాగము చాలినంత మిగిలినచో కాలేయము తిరిగి పెరుగగలదు. అట్టి చికిత్స పొందినవారిలో కొందరు దీర్ఘకాలము జీవించుచున్నారు. కుడిభాగములో రెండు మచ్చలు, ఎడమభాగములో సందేహాస్పదమైన చిన్న మచ్చ ఒకటి ఉన్నదనుకొందము. ఆ చిన్నది నీటితిత్తి యైనచో శస్త్రచికిత్సకు దారి తేటపడును. క్యాన్సరైనచో ప్రణాళికనే మార్చవలసి రావచ్చును. కావుననే తొందరపాటు పనికిరాదు.

సందేహము తీర్చుటకు నాలుగు మార్గములున్నవి. మొదటిది, కొంతకాలము ఆగి మరల అదే విధమైన స్కాను తీయుట. ఈ గడువు సాధారణముగ 6 వారములనుండి 3 నెలల వరకు ఉండును. రెండవది, వేరొక విధమైన స్కాను. చిన్న మచ్చల స్వభావము తెలియుటకు ఎం.ఆర్.ఐ. ఎక్కువ ఉపకరించును. మూడవది, సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో చూచుట. దీనిని బయాప్సీ అందురు. ముక్క తీసినచో వ్యాధి ప్రాకునని ఊరిలో భయమున్నది. అట్లు జరుగుట అరుదు. అవసరము, అపాయము రెండును తూచియే వైద్యులు దీనికి పూనుకొందురు. నాలుగవది రక్తపరీక్ష. పెద్దప్రేవు వ్యాధిలో సి.ఇ.ఎ. అను పరీక్ష ఉపకరించును. కాని పొగత్రాగువారిలోను, కాలేయము చెడినవారిలోను కూడ అది హెచ్చవచ్చును గనుక ఒక్క అంకెను నమ్మి నిర్ణయింపరు.

పెద్ద క్యాన్సరు ఆసుపత్రులలో ట్యూమర్ బోర్డు అను సమావేశమున్నది. శస్త్రవైద్యుడు, మందుల వైద్యుడు, రేడియేషను వైద్యుడు, స్కాను చదువు వైద్యుడు కలిసి ఒక్కొక్క రోగి విషయమును చర్చింతురు. తన విషయము బోర్డు ముందుంచుడని కోరుటకు రోగి సంకోచింపనక్కరలేదు.

6. నిరీక్షణ దినములు

ఆగుట యనగ నిర్లక్ష్యము కాదు. ఆగుమన్న గడువు పరీక్షలో ఒక భాగమే. తెలిసిన వ్యాధికి జరుగుచున్న చికిత్స ఆ కాలములో నిలిచిపోదు. అపాయమెల్ల ఇచ్చిన తేదీని దాటవేయుటలో ఉన్నది. కోతలని, పెండ్లియని తేదీ మార్చుకొనరాదు.

ఈ దినములలో రోగికి నిదురపట్టదు. ఇంటివారికి ఓర్పు చాలదు. స్కాను తేదీ సమీపించుకొలది కలవరము హెచ్చును. ఇది పిరికితనము కాదు. చదువుకున్నవారికిని ఇట్లే ఉండును. దానిని పూర్తిగ పోగొట్టలేము గాని తగ్గించుకొనుటకు ఉపాయములున్నవి. స్కాను తేదీని, వైద్యుని చూచు తేదీని దగ్గర దగ్గరగ పెట్టించుకొనవలయును. నివేదికను వైద్యుని ఎదుటనే విప్పి వివరము అడుగవలయును. శక్తి ఉన్నంతమేర రోగి తన నిత్యకృత్యములను విడువరాదు. పశువుల కొట్టమువరకు నడచుటయు, పిల్లలకు చదువు చెప్పుటయు మనసునకు ఊతమిచ్చును. నిదుర బొత్తిగ పోయినను, బ్రతుకుమీద విసుగు పుట్టినను వైద్యునకు చెప్పవలయును. దానికిని చికిత్స కలదు.

రోగికి తెలియకుండ దాచుట మన ఇండ్లలో వాడుక. ప్రేమతోనే దాచుదురు. కాని గుసగుసలు విని, మొగములు చూచి రోగి ఉన్నదానికంటె ఎక్కువ ఊహించుకొనును. "ఎంతవరకు తెలిసికొనవలెనని యున్నది?" అని రోగినే అడిగి, అతడు కోరినంత నిజము చెప్పుట మేలు.

మూడు పనులు మాత్రము ఈ దినములలో చేయనేకూడదు. సందిగ్ధమైన నివేదికను చూచి పొలము అమ్మరాదు. వైద్యుడు చెప్పక చికిత్స మానరాదు. పసరుమందులు, భస్మములు మ్రింగరాదు. వానిలో కొన్ని కాలేయమునే చెరచును, అప్పుడు స్కానులోని మార్పు వ్యాధివలన వచ్చినదో మందువలన వచ్చినదో తెలియక సందేహము రెట్టింపగును.

కొన్ని లక్షణములు కనబడినచో తేదీకొరకు ఆగరాదు. కన్నులు పచ్చబడుట, కడుపు ఉబ్బుట, రక్తము వాంతియగుట, మలము నల్లబడుట, మాట తడబడి మగతగ నుండుట, చలితోగూడిన జ్వరము, ఇవి కనబడిన వెంటనే ఆసుపత్రికి పోవలయును. కీమో జరుగుచున్నవారికి 100.4 డిగ్రీల జ్వరము వచ్చినను అత్యవసరమే.

7. పంచాయతీ చేయదగిన పనులు

ఒకటి: కాగితముల భద్రత. పాత స్కానులు లేనిదే క్రొత్తవానికి విలువ సగమే. సీడీలు, ఫిల్ములు, నివేదికలు తేదీల వరుసలో ఒక సంచిలో పెట్టించి, ప్రతి ప్రయాణములోను తీసికొనిపోవునట్లు చూడవలయును. వీలున్నంతవరకు ఒకే కేంద్రములో స్కాను తీయించినచో పోలిక సులభమగును.

రెండు: ఖర్చు. 2007లో ఆరోగ్యశ్రీ పేరున ఆరంభమైన పథకము నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను వేర్వేరు పేర్లతో సాగుచున్నది. ఏ పరీక్షకు, ఏ చికిత్సకు పథకము వర్తించునో ఆసుపత్రిలోని సహాయకేంద్రములో ముందుగ అడిగింపవలయును. అప్పు చేయుట ఆ తరువాతి మాట. హైదరాబాదులో 1955నుండి ఉన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రియు, విశాఖపట్టణములో టాటా మెమోరియల్ కేంద్రము నడుపు హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రియు ప్రభుత్వ రంగములోనివే. చికిత్సకు పోవు క్యాన్సరు రోగికిని, తోడు వెళ్లువారికిని ఆసుపత్రి ధృవపత్రము చూపినచో రైలు ఛార్జీలో రాయితీ కలదు.

మూడు: తోడు. వైద్యుని మాట వినుటకు రోగివెంట చదువు వచ్చిన ఒక వ్యక్తి ఉండుట మంచిది. ఇంట అట్టివారు లేనిచో ఆశా కార్యకర్తనో, ఊరి యువకునో ఏర్పాటు చేయవచ్చును. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము సమావేశములో, రోగి అనుమతితోనే, ఈ ఏర్పాటును నిర్ణయింపవచ్చును.

నాలుగు: నొప్పి. నొప్పిని ఓర్చుకొనవలయుననుట పాతమాట. మాదకద్రవ్యముల చట్టము 2014లో సవరింపబడి, వైద్యమునకు కావలసిన మార్ఫీను లభించుటకు దారి సుగమమైనది. ఉపశమన చికిత్స కడపటి దినములకే అనుకొనరాదు. చికిత్సతోపాటు మొదటినుండియు పొందవచ్చును.

ఐదు: నోటి అదుపు. రోగి వ్యాధి అతని సొంత విషయము. రచ్చబండ మీద దానిని చర్చించుట తగదు. క్యాన్సరు అంటువ్యాధి కాదని, ఆ ఇంట భోజనము చేయుటవలన భయము లేదని సభ్యులు మాటలలోను చేతలలోను చూపవలయును.

8. వైద్యుని అడుగదగిన ప్రశ్నలు

వీనిని ఒక కాగితము మీద వ్రాయించి రోగిచేతికి ఇచ్చుట మంచిది.

ఈ మచ్చ క్యాన్సరేనా, సందేహము మాత్రమేనా? సందేహమైనచో ఇంకేమి కావచ్చును?
మునుపటి స్కానుతో పోల్చి చూచితిరా?
మరల స్కాను ఎప్పుడు? అంతవరకు ఆగుటలో అపాయమున్నదా?
ఎం.ఆర్.ఐ. గాని ముక్కపరీక్ష గాని అవసరమా? దాని ఫలితమువలన చికిత్స మారునా?
ఏ లక్షణములు కనబడినచో వెంటనే రావలయును?

వీనిలో నాలుగవది ముఖ్యమైనది. ఫలితము ఏదైనను చికిత్స మారనపుడు ఆ పరీక్షకు డబ్బు ఖర్చు చేయుట అవసరమా యని నిస్సంకోచముగ అడుగవచ్చును.

సందేహము కలిగినపుడు సందేహమున్నదని చెప్పు వైద్యుడు నమ్మదగినవాడు. స్కాను సందిగ్ధమని విని వచ్చిన కుటుంబమునకు "ఏమియు కాదులే" అని మనము ధైర్యము చెప్పలేము; "ఇక లాభములేదు" అనుటకును మనకు అధికారము లేదు. "ఇంకను తేలలేదు, తేలువరకు చికిత్స మానకండి, పొలము అమ్మకండి, తేదీ తప్పకండి, మేము తోడుందుము" అని మాత్రము చెప్పగలము. ఆ మాట చెప్పి, దానిని నిలువబెట్టుకొనవలసినదిగ సభ్యులందరిని కోరుచున్నాము.

సమావేశములో చర్చింపదగిన ప్రశ్నలు

1. దూరపు ఆసుపత్రులకు పోవు రోగులకు మన గ్రామమునుండి తోడు ఏర్పాటు చేయుటకు ఎవరు ముందుకు రాగలరు?
2. పథకముల వివరము తెలిసిన వ్యక్తి మన పంచాయతీలో ఎవరు?
3. మన ఊరిలో క్యాన్సరు రోగులను గూర్చిన ఏ అపోహలు ఇంకను మిగిలియున్నవి? వానిని పోగొట్టుటకు ఏమి చేయుదము?